మల్కవ్వకు జామీను

చచ్చిపోయిన మనిషిని తిరిగి బతికించమని మీరెప్పుడైనా ఒక రచయితను బెదిరించారా?

నవ్వకండి. బెదిరించినవాళ్లను నేను చూశాను. ఒక బస్సు నిండా చూశాను. సంగారెడ్డిలో బయలుదేరి, రుద్రారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు దాటి, బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు ముందు ఆగే కంపెనీ బస్సు అది. నేను ఆ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాడిని. సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి, గాల్లోంచి విబూది తీసే బాబాల కనికట్టును జనం ముందు చేసి చూపేవాడిని. దయ్యాలు లేవు, మరుజన్మ లేదు, పోయినవాళ్లు రారు అని గొంతు చించుకునేవాడిని. తీరా పనిరోజుల్లో బస్సెక్కితే అక్కడ చచ్చిన మనిషిని వెనక్కి రప్పించాలని గొడవ. ఆ గొడవకు మూలమైన మనిషి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పోయిన వారం పటాన్‌చెరులో ఎక్కిన షేర్ ఆటో ఇక ఆగనివ్వలేదు.

ఆటోలో నా ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకామె పాదం వాచి నున్నగా మెరుస్తోంది. చేలో కలుపు తీస్తుంటే ఏదో కుట్టిందట. ఊళ్లో ఒకాయన దగ్గర మంత్రించిన దారం కట్టించుకుంటే తగ్గిపోతుందని ఆమె పట్టు. పక్కనున్నామె ఆ పట్టును ఒక్క మాటతో తెంపేసింది.

"ఏందే, మల్కవ్వ లెక్క సస్తవా? నోరుమూసుకొని దవాఖానకు నడువు."

నేను ఉలిక్కిపడ్డాను. "మల్కవ్వ ఎవరమ్మా?" అని అడిగాను.

"గుమ్మడిదల దిక్కు ముసలామె సార్. పాము కరిస్తే మంత్రం ఏపిచ్చుకుంట కూసున్నరు. పాణం పోయింది పాపం. మా అత్తకు బాగ ఎరుక ఆమె."

అత్తకు బాగా ఎరుకట! మల్కవ్వ గుమ్మడిదలలో పుట్టలేదు. ఎక్కడా పుట్టలేదు. లక్డారం దగ్గర బస్సెక్కే ఒక ప్యాకింగ్ సూపర్‌వైజర్ తన బొటనవేలితో పుట్టించి, మూడో నవలలో చంపేసిన పాత్ర ఆమె. అబద్ధం ఎక్కడ వినిపించినా లేచి నిలబడి ఖండించడం నా స్వభావం. ఆ పూట మాత్రం నోరు మూసుకొని కూర్చున్నాను. వాళ్లిద్దరూ దవాఖాన ముందు దిగి లోపలికి పోయేదాకా చూసి, అప్పుడు నవ్వాను. ఆటోవాడు అద్దంలోంచి నన్ను అనుమానంగా చూశాడు.

మల్కవ్వను పుట్టించిన ఆమె పేరు రాయను. నవలల మీద వేసుకున్నదే ఆమె సొంత పేరు కాదు. బస్సులో అందరికీ అక్క. రిటైర్మెంటుకు దగ్గరపడిన వాచ్‌మన్‌కూ అక్కే, నిన్న చేరిన ట్రైనీకీ అక్కే. పొట్టి మనిషి. మెట్టు ఎత్తుగా ఉంటే తిట్టుకుంటూ ఎక్కేది. ఎక్కగానే డ్రైవర్ యాదగిరిని "ఏం యాదగిరి, బండే లేసిందా, నువ్వు గూడ లేసినవా?" అని పలకరించి, అతని వెనక సీట్లో కూర్చొని, ఫోను తీసి, ఒక్క బొటనవేలితో రాయడం మొదలుపెట్టేది. నవలలకు నవలలు అలా గతుకుల మీద ఎగురుతూ రాసినవే.

ఆమెకొక అలవాటు. ప్యాకింగ్ సెక్షన్‌లో సీలు వేసే ముందు ప్రతి డబ్బానూ చెవి దగ్గర పెట్టి ఊపేది. లోపల ఒక మాత్రల పట్టీ తక్కువైతే చప్పుడు మారుతుందట. తూకం చూసే యంత్రాలు వచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు పోలేదు. పైగా ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చింది. టిఫిన్ డబ్బా ఊపేది. అగ్గిపెట్టె ఊపేది. అధ్యాయం ముగిస్తే ఫోనును కూడా చెవి దగ్గర ఊపి, "ఊఁహూఁ, ఏదో తక్కువైంది" అని మళ్లీ మొదలుపెట్టేది. నా వ్యాసాల పుస్తకం అచ్చయినప్పుడు ఎంతో గర్వంగా ఒక ప్రతి ఆమె చేతిలో పెట్టాను. తెరవలేదు. చెవి దగ్గర పెట్టి ఊపింది.

"ఏమైంది అక్క?" అన్నాను.

"మాటలు మస్తుగున్నయి సారు. మనుషులే తక్కువున్నరు."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ రోజంతా ల్యాబులో గాజు సామాను కడుగుతూ ఆ మాటనే నమిలాను.

ఆమె రాసినవి విడివిడి నవలలు కావు. ఒకే ఊరు, అవే మనుషులు, ఒకదాని వెనక ఒకటి. మొదటి దానిలో పొలాల పక్కన ఫ్యాక్టరీ గోడ లేస్తుంది. రెండో దానిలో నాట్లు వేసిన చేతులే యూనిఫారం వేసుకొని షిఫ్టులకు పోతాయి. ఏదైనా విడిగా చదువుకోవచ్చు, కానీ ఒకటి చదివినవాడు రెండోదాని కోసం బస్సాపి అడిగేవాడు. నాకది నచ్చేది కాదు. కథను ముగించే ధైర్యం లేనివాళ్లు రెండో భాగం రాస్తారని నా సిద్ధాంతం. ఆ మాట ఆమె ముఖం మీదే అన్నాను.

"నీ ఉపన్యాసాలకు భాగాలు లేవా సారు?" అంది ఆమె, ఫోనులోంచి తల ఎత్తకుండా. "పదేండ్ల సంది అదే బాబా, అదే విబూది. నాది కనీసం మనుషులన్న పెద్దగయితున్నరు."

వెనక సీట్లలో ఎవరో ఈల వేశారు.

తర్వాత నెమ్మదిగా, నవ్వకుండా చెప్పింది. ఫ్యాక్టరీలో ఒక మందు ప్యాకింగ్ అయిపోయి మరొకటి మొదలయ్యే ముందు, పాత మందు తాలూకు ఒక్క మాత్ర, ఒక్క లేబుల్ ముక్క కూడా లైను మీద మిగలకూడదు. అంతా ఊడ్చి, తుడిచి, మూలల్లో చేతులు పెట్టి వెతికి, ఏమీ లేదని చూపాలి. దాన్ని లైన్ క్లియరెన్స్ అంటారు. ఆమె ఉద్యోగంలో సగం అదే.

"దినమంత తుడుస్త సారు. నిన్నటిది ఇయ్యాల కనిపించొద్దు. మనుషుల్ని గూడ గట్లనే తుడుస్తున్నరు కదా. పొలమున్నోడు కూలోడైతడు, కూలోడు కాంట్రాక్టోడైతడు, ఎనకటిది ఎవ్వనికి యాదికుండదు. నా కథల మాత్రం తుడువ. కొత్త పుస్తకంల పాత పుస్తకం లేబులు ఒక్కటన్న అంటుకొని ఉండాలె."

ఇలాంటి మాట వేదిక మీద ఎవరైనా చెబితే చప్పట్లు కొడతారు. బస్సులో ఎవరూ కొట్టలేదు. ఆ లేబుళ్లు అంటించేది తామే కదా.

అవును, తామే. ఆమె పని తీరే అది. మొదటి నవల అయ్యాక ఒకరోజు ఊరికే అడిగిందట: మన మనుషులు ఇప్పుడు ఏం చేస్తున్నట్టు? గమనించండి, తర్వాత ఏమవుతుంది అని అడగలేదు. ఇప్పుడు ఏం చేస్తున్నారు అని అడిగింది. రెండు పుస్తకాల మధ్య కూడా వాళ్లు తింటారు, కొట్లాడతారు, కొత్త చెప్పులు కొంటారు అన్నది ఆమె లెక్క. బస్సులో తలా ఒక జవాబు చెప్పి జుట్లు పట్టుకునే దాకా వెళ్లారు. అప్పుడు ఆమె పంపకం చేసింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర.

"ఇగ నీ మనిషికి నువ్వే జామీను. ఠాణల జామీనున్నట్టే. ఏడున్నడు, ఏం తిన్నడు, ఎవలతోని లొల్లి వెట్టుకున్నడు, అడిగిననాడు చెప్పాలె. నిన్నడగకుంట నీ మనిషికి ఏం గానియ్య."

ప్యాకింగ్‌లో పనిచేసే సుజాత, మల్కవ్వ కోడలికి జామీను. ఒడిశా నుంచి వచ్చిన బాయిలర్ ఆపరేటర్‌కు తెలుగు చదవడం రాదు, పక్కవాళ్లు చదివితే వింటాడు. నవలలో ఉన్న వలస కూలీకి అతడు జామీను. "అక్కా, మేరా ఆద్మీకో ఛుట్టీ దో నా" అని తన మనిషికి సెలవు ఇమ్మని బతిమాలేవాడు. రెండు పుస్తకాలైనా తన మనిషి ఇంటికి పోలేదని అతని బాధ. మల్కవ్వకు జామీను డ్రైవర్ యాదగిరి.

మల్కవ్వ గురించి చెప్పాలి. ఊరంతా భయపడే నోరు ఆమెది. పొద్దున లేస్తే కోడలిని "నీ నోట్ల మన్నువడ" అని లేపుతుంది. బర్రెను తిడుతుంది, సూర్యుణ్ణి తిడుతుంది, ముసలితనంలో ఊడ్చే పనికి చేరిన ఫ్యాక్టరీలో మేనేజర్‌ను కూడా ఆ వరసలోనే తిడుతుంది. అయినా ఆమె రాని పేజీ వెలవెలబోతుంది. యాదగిరి సొంత తల్లి మాటల కంటే ఎక్కువగా ఆమె మాటలు చెప్పుకొని నవ్వేవాడు. ట్రాఫిక్‌లో లారీవాళ్లను తిట్టడానికి కూడా ఆమె తిట్లే వాడేవాడు.

అలాంటి మల్కవ్వను మూడో నవలలో పొలం ఒడ్డు మీద పాము కరిచింది. ఊరివాళ్లు ఆమెను మంత్రగాడి ఇంటి ముందు పడుకోబెట్టారు. అతను మంత్రం వేస్తూ ఉన్నాడు, ఎండ ఎక్కుతూ ఉంది, దవాఖానకు పోయే ఆటో ఊరి మొగదల ఖాళీగా నిలబడి ఉంది.  మంత్రాల మీద నేను మాట్లాడినదంతా ఒక ఎత్తు, ఆ ఖాళీ ఆటో ఒక ఎత్తు.

పుస్తకం వచ్చిన మూడు నాలుగు రోజులకు యాదగిరి రుద్రారం దగ్గర బస్సు రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. వెనక్కి తిరిగాడు.

"అక్కా, మల్కవ్వ సచ్చిందా?"

"సచ్చింది."

"ఎవర్నడిగి సంపినవ్?"

ఆమె కిటికీ బయటికి చూసింది. "నిన్నడిగితే ఒద్దంటవని అడగలే."

"మరి జామీను పెట్టుడెందుకు నన్ను?"

"అన్నా, టైమైతుంది, లేటు పడ్తది" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"ఈడ మనిషి పాణం పోయిందిరా! నీకు లేటు గావాల్నా?" అని అరిచాడు యాదగిరి.

మర్నాడు బస్సు ముందు అద్దానికి బంతిపూల దండ వేలాడింది. గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఎవరు పోయారని అడిగితే, "మా మల్కవ్వ పోయింది" అని యాదగిరి కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. సెక్యూరిటీవాడు క్యాంటీన్ కాంట్రాక్టరుకు చెప్పాడు. ఊడ్చే సెక్షన్ ముసలామె ఎవరో పోయిందని అతను అర్థం చేసుకున్నాడు. మధ్యాహ్నానికి క్యాంటీన్ నల్లబల్ల మీద "మల్కవ్వ గారి ఆత్మకు శాంతి కలుగుగాక" అని పైన, "టమాట పప్పు, వంకాయ కూర" అని కింద. మేనేజర్ అందరినీ లేపి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. అందరం కంచాలు పట్టుకొని నిలబడ్డాం. ఆత్మే లేదని ఊరూరా వాదించే నేను, పుట్టనే పుట్టని మనిషి ఆత్మశాంతి కోసం తల వంచుకొని నిలబడ్డాను. తల ఎందుకు వంచుకున్నానంటే నవ్వు ఆపుకోలేక. పక్కన అక్క భుజాలు కూడా అదురుతున్నాయి. చూసినవాళ్లు ఏడుస్తున్నామనుకున్నారు.

అంతటితో అయిపోలేదు. ఆఫీసు నుంచి ఒకతను వచ్చి, చనిపోయినామె గుర్తింపు కార్డు వాపసు ఇవ్వాలన్నాడు.

"ఆమెకు కార్డు లేదు సార్," అంది అక్క. "నవలల గూడ ఆమె కాంట్రాక్టే."

తర్వాత మొదలైంది అసలు గొడవ. యాదగిరి రోజూ బస్సును ఆమె నిలబడిన చోట కాకుండా ఇంకాస్త ముందుకు పోనిచ్చి ఆపేవాడు. ఆమె సంచీ పట్టుకొని ఉరికి ఎక్కాలి. ఆమె సర్వపిండి ముక్క తుంచి ఇస్తే, "పాణం మంచిగలేదు" అని మొహం తిప్పుకునేవాడు. ఇది చాలదన్నట్టు హైదరాబాద్‌లో ఉండే ఆమె ప్రచురణకర్త ఫోను చేశాడు. అతని మాటలు ఆమె బస్సులో అతని గొంతుతోనే అప్పజెప్పింది.

"నాలుగో భాగంలో ముసలావిడ రావాలండీ. ఎలా వస్తుందో మీ ఇష్టం. కోడలి ఒంటి మీదికి వస్తుందో, మనవరాలై పుడుతుందో. రాకపోతే మాత్రం వేరే ఎక్కడైనా వేయించుకోండి."

బస్సు బస్సంతా ప్రచురణకర్త వైపు నిలబడింది. "రావాలె అక్కా!" "శిగమూగుకుంట కోడలి మీదికి రావాలె!" "ఆ మంత్రగాని ఇంటి ముంగట్నే లేసి నిలవడాలె!" నేను లేచాను. మల్కవ్వ ఎలా పోయిందో గుర్తుంచుకోమన్నాను. ఆమె దయ్యమై తిరిగొస్తే మంత్రగాడు చెప్పిన లోకం నిజమైపోతుంది, ఆ ఖాళీ ఆటో అబద్ధమైపోతుంది అన్నాను. చచ్చిన మనిషిని మళ్లీ చంపినట్టు అవుతుందన్నాను. చివరికి ఆవేశంలో, "మల్కవ్వ లేచొస్తే నేను ఈ బస్సు దిగిపోత" అని ప్రకటించాను.

"దిగు సారు, సీటన్న దొరుకుతది" అన్నారు నిలబడి ప్రయాణం చేసేవాళ్లు.

అక్క ఫోను సంచీలో పెట్టేసింది. ఆమె పరిస్థితి మాత్రం నాకు తెలుసు. ఏళ్ల తరబడి అల్లిన ఊరు అక్కడితో ఆగిపోవాలి, లేదా దయ్యాన్ని లేపాలి. పాఠకులూ ప్రచురణకర్తా కలిసి ఆమెకు మూడో దారి ఉంచలేదు.

ఒక సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇస్నాపూర్ చౌరస్తాలో టైరు పంక్చర్ అయింది. అది మార్చేలోగా మేమిద్దరం చాయ్ బండి దగ్గర నిలబడ్డాం.

"రాయకు అక్క," అన్నాను. "నువ్వు ఒక్క దయ్యాన్ని రాస్తే నేను తిరిగిన ఊర్లన్ని మళ్ల తిరగాలె."

"నీకేం సారు. పోయినోళ్లు రారు అని చెప్పి, మైకు ఇచ్చి, ఇంటికి పోతవ్. నేను రానోళ్ల ఇల్లు రాయాలె. తెల్లారి ఆ ఇంట్ల పొయ్యి ఎవలు ముట్టిస్తరో రాయాలె. అలవాటుల అత్తకు గూడ చాయ్ పోసి, గిలాస పట్టుకొని నిలవడ్డ కోడల్ని రాయాలె. ఏది కష్టం, చెప్పు?"

ఒక గుక్క చాయ్ తాగి మళ్లీ మొదటికే వచ్చాను. 

"అయితే రాస్తవా, రాయవా?"

"అందరు రమ్మంటున్నరు కదా. వస్తదేమో సూద్దం" అని, చాయ్ బండి మీది అగ్గిపెట్టె తీసి చెవి దగ్గర ఊపి, నవ్వింది. లొంగిపోయిందని నాకు ఒళ్లు మండింది. చాయ్ సగంలో వదిలేసి బస్సెక్కాను.

రెండు రోజుల తర్వాత పొద్దున, బస్సు కదిలి కాస్త దూరం పోయిందో లేదో, ముందు సీట్లోంచి ఒక మూలుగు. చూస్తే అక్క. జుట్టు విరబోసుకొని, కళ్లు పైకి తిప్పి, ఊగిపోతోంది. కొత్తగా చేరిన ఒక అమ్మాయి చేతులు జోడించేసింది. నాకు తెలియని తంతా అది? కానీ ఆమె అంత బాగా ఊగుతుందని తెలియదు.

"నాయినా... యాదగిరీ... మల్కవ్వనొచ్చిన బిడ్డా..."

బస్సు వేగం తగ్గింది.

"నా కోడలు బంగారం నాయినా... నా రాత గట్ల రాసున్నది, నేను పోయిన... మంత్రమాయన తప్పేం లేదు. ఆయన దేవుడు. ఆయన్నేమనకుండ్రి... అందరు సల్లగుండుండ్రి..."

కీచుమని బ్రేకు పడింది. యాదగిరి సీట్లోంచి లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

"కాదు! ఇది మల్కవ్వ కాదు!"

"ఎట్ల కాదు నాయినా..."

"ఇగో, గీ నాయినా అనుడే ఆమెది కాదు! మూడు పుస్తకాలల్ల ఎవర్నన్న నాయినా అన్నదా? కోడలు బంగారమా? ఒక్కనాడన్న ఆ పొల్లను పేరువెట్టి పిలిసిందా? ఆ మంత్రగాడు దేవుడా? నిజంగ మల్కవ్వే వస్తే ముందుగాల వాని జుట్టు పట్టి ఈడుస్తది! ఎవతివే నువ్వు? మా మల్కవ్వ పేరు సెప్పి మోసం చేస్తున్నవా? దిగు నా బండి!"

అక్క ఊగడం ఆపింది. జుట్టు ముడి వేసుకుంది. కళ్లజోడు పెట్టుకుంది.

"జామీనంటే గిట్లుండాలె" అంది.

 ముందు సుజాత పకపకా నవ్వింది, తర్వాత బస్సంతా. యాదగిరి కాసేపు బిక్కమొహం వేసి, తనూ నవ్వి, ఆమె చాచిన డబ్బాలోంచి సర్వపిండి ముక్క తీసుకున్నాడు. ఆమె అప్పటికే బొటనవేలు ఆడిస్తోంది. "మళ్ల చెప్పు యాదగిరి, జుట్టు పట్టి ఏం చేస్తది? ఒక్క మాట పోవద్దు."

అప్పటిదాకా నేను దయ్యాలను శాస్త్రంతో కొట్టేవాడిని. ప్రాణం అంటే ఏమిటో, మెదడు ఆగితే ఏమవుతుందో బొమ్మలు గీసి చెప్పేవాడిని. ఇప్పటికీ చెబుతాను, చెప్పాల్సిందే. కానీ యాదగిరికి బొమ్మలు అవసరం కాలేదు. పోయిన మనిషిని తిట్టుతో సహా గుర్తుపెట్టుకున్నవాడికి ఎవడూ దొంగ ఆత్మను అమ్మలేడు. ఒంటి మీదికి వచ్చామని ఊగేవాళ్లు ఎప్పుడైనా గమనించారా? అందరూ ఒకే గొంతుతో మాట్లాడతారు, అందరూ ఒకేలా దీవిస్తారు. మన మరుపు మీద బతికే వ్యాపారం అది. మన మనుషులను మనం నిజంగా ఎరిగి ఉంటే ఆ దుకాణాలు ఒక్కరోజులో మూతపడతాయి.

నాలుగో నవలలో మల్కవ్వ వచ్చింది. అంటే, మంత్రగాడు తన మీది నింద పోగొట్టుకోవడానికి ఒక ఆడమనిషిని ఊగించి రప్పించాడు. ఊరంతా దండాలు పెట్టింది. కోడలు ఒక్కతే ముందుకొచ్చి అడుగుతుంది: "అత్తా, పొద్దుగాల నన్ను ఏమని లేపుతుంటివి?" పూనకం తడబడి, "బిడ్డా అని లేపుతుంటి" అంటుంది. ఊరు గొల్లుమంటుంది. పడీ పడీ నవ్వుతూనే కోడలు ఏడుస్తుంది, ఎందుకంటే ఆ తిట్టు ఇక ఎవరూ తిట్టరు. ఆ పేజీ దగ్గర నేనూ అదే చేశాను. ప్రచురణకర్త మొదట సణిగాడు. మోసం చేశారండీ అన్నాడు. వారం తర్వాత, తన భార్య ఆ అధ్యాయం వంటింట్లో అందరికీ చదివి వినిపిస్తోందని, అచ్చుకు పంపేశానని ఫోను చేశాడు. ఒడిశా ఆపరేటర్ మనిషికి కూడా ఆ భాగంలో సెలవు దొరికింది. అతను బస్సులో మిఠాయి పంచాడు.

ఆ ఏడు వానాకాలంలో ఒక పొద్దున కంపెనీ బస్సు రాలేదు. ఫోను చేస్తే యాదగిరి ఎత్తడు. మేమంతా రోడ్డు మీద తడుస్తూ నిలబడి అతని వంశాన్నంతా తలచుకున్నాం. చాలాసేపటికి బస్సు వచ్చింది. సీట్ల మధ్య బురద, ఒక ఆడమనిషి చెప్పు. నాటు వేస్తుండగా అతని వదినను పాము కరిచింది. ఊరి పెద్దలు మంత్రగాడి కోసం మనిషిని పంపారు. యాదగిరి ఎవరి మాటా వినకుండా ఆమెను కంపెనీ బస్సులో పడుకోబెట్టి, సంగారెడ్డి దవాఖానకు తోలుకుపోయాడు. సూది మందు పడింది. బతికింది.

"పెద్దమనుషులు అడ్డం రాలేదా?" అన్నాను.

"వచ్చిండ్రు సారు. మల్కవ్వకు జామీనున్నోన్ని, రెండోసారి సావనిస్తనా అన్న. వాళ్లకేం సమజ్ గాలే. సమజయ్యేలోపట బండి రోడ్డెక్కింది."

ఆ రోజు అందరికీ లేటు పడింది. ఒక్కరూ నోరెత్తలేదు. అక్క మాత్రం ఆ చెప్పును ఒళ్లో పెట్టుకొని బొల్లారం దాకా ఏమీ రాయకుండా కూర్చుంది.

ఐదో నవల దగ్గర పని ఆగింది. అది మంత్రగాడి కథ. అతనికి జామీను లేడు. ఎవరినడిగినా "ఛీ, వానికి నేనా?" అన్నారు. జామీను లేకుండా రాయనని ఆమె పట్టు. ఒకరోజు నా సీటు దగ్గరికొచ్చి నిలబడింది.

"నువ్వుండు సారు."

"నేనా? ఆ మోసగానికా?"

"ఇన్నేండ్లు ఆయనతోని కొట్లాడినవ్. ఆయన సంగతి నీకన్న ఎవలికి ఎరుక? తిట్టమంటలే, ఇడిచిపెట్టమంటలే. ఇప్పుడు ఏం చేస్తున్నడో చెప్పు, సాలు."

బస్సు చెవులు రిక్కించింది. చర్చలో వెనక్కి తగ్గడం నా రక్తంలో లేదు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తెలిసింది, ఇన్నేళ్లలో అతని మోసం గురించి మాట్లాడాను కానీ అతని పొద్దు ఎలా గడుస్తుందో ఒక్కసారైనా ఆలోచించలేదని. పుస్తకంలో మనుషులు తక్కువున్నారని ఆమె ఊపి చెప్పింది దీని గురించే.

ఏడాది కింద, ఐదో నవల పూర్తికాకముందే, ఆమె పోయింది. పోయింది అనే రాస్తున్నాను. పరమపదించలేదు, ఎక్కడికీ చేరలేదు. దవాఖానలో మంచం చుట్టూ నిలబడిన మమ్మల్ని చూసి, "దండలు గిండలు ఒద్దు, అవి మల్కవ్వకు అయిపోయినయి. నన్ను ఎవ్వల మీదికి రప్పియ్యకుండ్రి, యాదగిరి దించేస్తడు" అంది. మేం నవ్వాం. "ఎవల మనిషిని వాళ్లు సూసుకోండ్రి" అంది తర్వాత. నాకు తెలిసిన ఏ మత గ్రంథంలోనూ మరణం గురించి ఇంత పనికొచ్చే మాట లేదు.

చూసుకుంటున్నాం. సెలవు రోజున యాదగిరి ఇంటి ముందు జామీనుదారులం కూర్చుంటాం. తలా ఒక మనిషి సంగతి చెబుతాం, సుజాత రాస్తుంది, సర్వపిండి యాదగిరి వదిన చేస్తుంది. నా వంతు మొన్న వచ్చింది. నేను చెప్పాను: మంత్రగాడి మనవరాలిని పాము కరిచింది. అతను పిల్లను భుజాన వేసుకొని ఉరికి, ఉరికి, దవాఖాన గేటు దగ్గర నిలబడిపోయాడు. లోపలికి పోతే ఇన్నాళ్ల తన బతుకు అబద్ధం. వెనక్కి తిరిగితే పిల్ల లేదు.

"పోయిండా సారు లోపలికి?" అని యాదగిరి ముందుకు వంగాడు.

"పోయిండు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పోయి, డాక్టర్‌తోని, జల్దీ చూడుండ్రి, నాకేం రాదు అన్నడు."

సుజాత రాసుకుంది. రాసి, ఆ ఫోనును చెవి దగ్గర పెట్టి ఊపింది. ఎవరూ నేర్పలేదు ఆమెకు.

ఇక మీ సంగతి. చదివి ముగించి అల్మారాలో పెట్టిన నవల మీ దగ్గర ఒకటైనా ఉంటుంది. లేచి తీయండి. చెవి దగ్గర పెట్టి ఊపండి. అందులో రచయిత మధ్యలో వదిలేసిన మనిషి ఎవరో, ఎవరూ జామీను నిలబడని మనిషి ఎవరో వినండి. ఆ మనిషి ఇప్పుడు ఏం చేస్తున్నాడో రాయండి. చచ్చినవాళ్లను లేపకండి, వాళ్ల ఇంట్లో తెల్లారి పొయ్యి ఎవరు ముట్టించారో రాయండి. చేతిలో ఫోను ఉంది, బొటనవేలు ఉంది. ఇప్పుడే మొదలుపెట్టండి.